పొరుగింటి పుల్లకూర

పిల్లలకు ప్రపంచ సంస్కృతులను పరిచయం చేసే పని నగరాల బడులలో ఏడాదికొకసారి జరిగే ఉత్సవంగా స్థిరపడిపోయింది. ఆ రోజున ఒక్కో తరగతి ఒక్కో దేశమవుతుంది. కాగితపు జెండాలు, అద్దెకు తెచ్చిన దుస్తులు, ఒక బల్లమీద పిజ్జా ముక్కలు, ఇంకొక బల్లమీద నూడుల్స్, సాయంత్రానికి తల్లిదండ్రుల ఫోన్లలో ఫొటోలు. అమెరికాలో శిశువిద్యారంగంలో కృషి చేసిన లూయీజ్ డెర్మన్-స్పార్క్స్ ఇటువంటి బోధనను 1989 నాటి తన పుస్తకంలో పర్యాటక పాఠ్యక్రమం అన్నారు. యాత్రికుడు ఒక ఊళ్లో బస్సు దిగి, చూడదగినవి చూసి, తినదగినవి తిని మళ్లీ బస్సెక్కినట్టుగా, పరాయి జాతిని పండుగ బట్టల్లోనూ పండుగ వంటల్లోనూ మాత్రమే చూపించి, ఆ మనుషులు మామూలు బుధవారం నాడు ఏం తింటారో, తినబోయేముందు ఏమంటారో, కంచం దగ్గర ఏ పని చేస్తే పిల్లలను మందలిస్తారో చెప్పకుండా వదిలేసే పద్ధతి అది. తిండి, ఆచారం, మాట విడిపోకుండా ఒక్కచోట అందినప్పుడే పిల్లవాడికి ఒక సంస్కృతి అందినట్టు. తిండి మాత్రమే అందితే అతడికి దక్కింది చిరుతిండే.

ఈ మూడింటినీ రోజూ ఒకే గంటలో కలిపి నేర్పే ఏర్పాటు జపాను బడులలో ఉంది. దానిని 'క్యూషోకు' అంటారు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమని అర్థం. 1889లో యమగత ప్రాంతంలోని త్సురుఒక పట్టణంలో, ఒక బౌద్ధాలయంలో నడిచిన బడిలో, పేద పిల్లలకు అన్నపు ముద్దలు, ఉప్పువేసి కాల్చిన చేప, ఊరగాయ పెట్టడంతో ఇది మొదలైందని జపనీయులు చెప్పుకుంటారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత విదేశీ సహాయంగా వచ్చిన పాలపొడితోనూ, అమెరికా గోధుమపిండితో చేసిన రొట్టెలతోనూ ఈ భోజనం మళ్లీ నిలదొక్కుకుంది. 1954లో దీనికి చట్టం వచ్చింది. అయితే అన్నం తిని బతికే ఆ దేశపు పిల్లలకు బడిలో అన్నం పెట్టడం అధికారికంగా మొదలైంది 1976లో. అంతవరకు ఒక తరమంతా ఇంట్లో అన్నం, బడిలో రొట్టె తిని పెరిగింది. పరాయి సంస్కృతి ఆకలి దారిన, సహాయం దారిన కూడా వస్తుందన్న సంగతిని జెండాల ఉత్సవం ఏనాడూ చెప్పదు గనుక ఇక్కడ గుర్తుచేసుకోవలసి ఉంది.

భోజనాల గంట నడిచే తీరు గమనించదగినది. వంతు వచ్చిన పిల్లలు తెల్లని పైవస్త్రాలు తొడుక్కుని, తలకు టోపీలు పెట్టుకుని, వంటగది నుంచి గిన్నెలు మోసుకొచ్చి తోటివారికి వడ్డిస్తారు. ఉపాధ్యాయుడు అదే గదిలో కూర్చుని అదే భోజనం తింటాడు. తిన్నాక గిన్నెలు తిరిగి అప్పజెప్పేదీ పిల్లలే. 2005లో వచ్చిన ఒక చట్టం దీనంతటికీ 'షొకుఇకు', అంటే తిండి ద్వారా విద్య, అన్న పేరుతో ప్రభుత్వ విధానంగా స్థానం కల్పించింది; పోషకాహారాన్ని పాఠంగా చెప్పే ఉపాధ్యాయ పదవి కూడా ఆ ఏడాదే ఏర్పడింది. భోజనాన్ని పాఠాల మధ్య విరామంగా చూడకుండా, అదీ ఒక పాఠమేనని గుర్తించడం ఇందులోని విశేషం.

ముద్ద నోట పెట్టేముందు ఆ పిల్లలంతా చేతులు జోడించి ఒక్కసారిగా 'ఇతదాకిమాస్' అంటారు. దీనిని 'ఇక తిందాం' అని అనువదిస్తే ఏమీ మిగలదు. ఆ మాటకు మూలమైన క్రియకు తొలి అర్థం తలపైన పెట్టుకోవడం. కొండ శిఖరాన్ని చెప్పే మాట కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. పెద్దలు ఇచ్చినదానిని తలకు పైగా ఎత్తి అందుకునే మర్యాద నుంచి, వినయంగా స్వీకరించడమన్న నేటి అర్థం ఏర్పడింది. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని నోట వేసుకునే తెలుగు పిల్లవాడికి దీనిని విడమరచి చెప్పవలసిన పనే లేదు; కళ్లకద్దుకోవడానికి వాళ్లు పెట్టుకున్న మాట ఇది అంటే చాలు. తినడం ముగిశాక అనే 'గొచిసోసమా' ఇంకా సొగసైనది: అందులోని 'చిసో' అంటే పరుగులెత్తడం. అతిథికి పెట్టడం కోసం సరుకులు సమకూర్చుకుంటూ అటూ ఇటూ పరుగులు తీసినవారికి ఆ మాట కృతజ్ఞత చెబుతుంది. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్ల పరుగులు చూసినవారికి ఇదీ కొత్తగా తోచదు.

జపాను బడి పిల్లలకు మక్కువైన వంటకాలలో ఒకటైన 'కరేరైసు' (కూరతో అన్నం) సంగతి మరింత రుచికరం. 1982 జనవరి 22న దేశమంతటా బడులలో ఒకేరోజు దానిని వడ్డించాలని బడి భోజనాల పోషకాహార నిపుణులు నిర్ణయించగా, ఆ తేదీ నేటికీ అక్కడ కూర దినంగా నిలిచింది. అందులోని 'కరే'కు మూలం తమిళుల 'కరి' అని పండితులు చెబుతారు. ఆ మాట ఆంగ్లేయుల నోటబడి 'కర్రీ'గా మారి, పంతొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో ఓడలెక్కి జపానుకు చేరింది. గోధుమపిండితో చిక్కబరచడం ఆంగ్లేయుల అలవాటు, జిగురుగా ఉడికే అన్నం జపనీయులది, తినడానికి వాడేది చెంచా. బ్రిటిషువారికి బాంబుదాడి కేసులో చిక్కకుండా 1915లో జపాను చేరిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్, తనకు ఆశ్రయమిచ్చిన టోక్యోలోని నకమురయ దుకాణపు కుటుంబంలోనే పెళ్లి చేసుకుని, ఆంగ్లేయుల పిండి పులుసును భారతీయ కూరగా చలామణి చేయడం సహించలేక కాబోలు, 1927లో ఆ దుకాణంలో అసలైన భారతీయ కూరను ప్రవేశపెట్టాడు. ఇక ఆ కూర పక్కన వడ్డించే ఎర్రని ఊరగాయ 'ఫుకుజిన్‌జుకె'కు, ఏడు రకాల కూరగాయలతో చేస్తారు గనుక ఏడుగురు అదృష్టదేవతల పేరు పెట్టారని చెబుతారు. ఆ ఏడుగురిలో బెంజైతెన్ అనే దేవత బౌద్ధంతో పాటు చైనా మీదుగా నడిచివెళ్లిన సరస్వతి, బిషామొన్ మన కుబేరుడు, దైకొకు మహాకాలుడు. ఒక్క కంచంలో ఇంత చరిత్ర ఉండగా దానిని 'జపాను వంటకం' అని అట్టముక్క మీద రాసి బల్లమీద నిలబెట్టడం పిల్లల తెలివిని తక్కువగా అంచనా వేయడమే. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతను తెలుగువారు ఎత్తిపొడుపుగా వాడతారు. పుల్లకూర మొదట ఏ ఇంటిదో తేల్చిచెప్పడం కష్టమన్నది ఈ కూర కథ ఆ సామెతకు చేర్చే సవరణ.

భాష విషయంలో జపాను మాటలు తెలుగు పిల్లలకు మరొక తలుపు తెరుస్తాయి. తెలుగువాడికి పొలంలో ఉన్నది వరి, దంచాక బియ్యం, ఉడికాక అన్నం. జపనీయులకు అవే మూడు దశలు వరుసగా 'ఇనె', 'కొమె', 'గొహన్'. కొరియా వారికీ మూడు వేరు మాటలున్నాయి. ఇంగ్లీషుకు మూడింటికీ 'రైస్' ఒక్కటే చాలింది, ఎందుకంటే ఆ భాష పుట్టిన నేలలో వరి పండలేదు. అన్నం అన్న మాట భోజనమంతటికీ పేరుగా మారడం కూడా ఉమ్మడి సంగతే: జపాను ఇంట్లో పొద్దున రొట్టె తిన్నా దానిని 'పొద్దుటి గొహన్' అనే అంటారు, థాయ్‌లాండులో భోంచేయడమంటే 'అన్నం తినడం', తెలుగు ఊళ్లలో పలకరింపు 'అన్నాలయ్యాయా?' అని. అందువల్ల వంటకాల పేర్లను అనువదించకుండా, నోరు తిరగకపోయినా ఆ మాటనే పలికించడం మేలు. ఇడ్లీని బియ్యపు కేకు అన్నప్పుడు తెలుగువారికి కలిగే చిరాకు, పరాయి వంటకాన్ని అనువదించి పిలిచినప్పుడు దాని సొంతదారులకూ కలుగుతుంది.

ఆచారాలలో అన్నీ ఇలా చుట్టాలుగా కనిపించవు, కనిపించనవసరమూ లేదు. జపాను ఇంట్లో అన్నం గిన్నెలో తినే పుల్లలను నిలువుగా గుచ్చితే పెద్దలు ఉలిక్కిపడతారు, ఎందుకంటే చనిపోయినవారికి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి మరొకరు పుల్లలతోనే ముక్క అందుకోవడమూ తప్పే, దహనం తరువాత అస్థికలను అలా అందిపుచ్చుకుంటారు గనుక. అన్నాన్ని పిండంలా చేసి కంచంలో పెట్టిన పిల్లవాడిని తెలుగు అమ్మమ్మ ఎందుకు కసురుతుందో తెలిసినవాడికి ఈ నిషేధాలు వింతగా ఉండవు. మర్యాదలను నియమాల పట్టికగా వల్లెవేయించడం వృథా. వాటి వెనుక ఉన్న భయమో గౌరవమో చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

నిజంగా ఇబ్బంది పెట్టే భేదం ఎంగిలి దగ్గర ఎదురవుతుంది. ఇంకొకరి నోరు తగిలిన తిండిని దూరంగా పెట్టే ఈ భావన తెలుగు ఇళ్లలో బలమైనది. దానికి భిన్నమైన పద్ధతి దగ్గరలోనే కనబడుతుంది. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కస్‌లో, నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల సంతతి నేటికీ ఉంది. ఆ పేట పేరే సైనికుల బారకాసుల నుంచి వచ్చింది. హద్రమౌత్ వంటకమైన మండీని, అంటే పెద్ద పళ్లెంలో మాంసంతో కలిపి వడ్డించే అన్నాన్ని, చుట్టూ కూర్చున్నవారందరూ ఆ ఒక్క పళ్లెంలోంచే తింటారు. ఎవరి ముందున్న వైపు నుంచి వారు కుడిచేత్తో తినాలన్నది అక్కడి మర్యాద. అంటే అక్కడా హద్దు ఉంది. తెలుగువారు కంచానికి కంచానికి మధ్య గీసుకున్న గీతను వారు ఒకే పళ్లెంలో గీసుకున్నారు. ఇథియోపియాలో ఇంకొక అడుగు ముందుకేసి, దోసెపిండిలాగే పులియబెట్టిన పిండితో చేసే 'ఇంజెరా' అనే అట్టును తుంచి, కూరలో అద్ది, పక్కవారి నోట్లో స్వయంగా పెడతారు. ఆ ముద్దను 'గుర్షా' అంటారు, కాదనడం అమర్యాద. గోరుముద్దలు తిన్న పిల్లలకు దాని ఆప్యాయత అర్థమవుతుంది, ఎంగిలి అని విన్న పిల్లలకు దాని ఇబ్బందీ అర్థమవుతుంది. రెండూ ఒకేసారి అర్థం కావడమే మంచిది. ఇవాళ మండీ హోటళ్లు తెలుగు పట్టణాలన్నిటా వెలిశాయి. ఆ పళ్లెం చుట్టూ కూర్చున్న పిల్లలకు హద్రమౌత్ అన్న మాట చెప్పేవారే కనబడరు.

కొత్త తిండిని పిల్లలు తోసివేయడం సహజం. రెండేళ్ల నుంచి ఆరేళ్ల వయసు దాకా ఈ జంకు ఎక్కువగా ఉంటుందనీ, బలవంతం లేకుండా కొద్దికొద్దిగా పదిసార్ల దాకా రుచి చూపిస్తే చాలామందిలో అది కరిగిపోతుందనీ పిల్లల తిండి అలవాట్లను పరిశోధించినవారు గుర్తించారు. ఏడాదికొక్క రోజు ఉత్సవం ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. పెద్దల నోటి నుంచి వచ్చే 'ఛీ' దీనికంటే పెద్ద అడ్డంకి. తీగలు సాగే పులిసిన సోయాగింజల 'నట్టో'ను చూసి ముక్కు మూసుకునేవారు, పక్కింట్లో ఎండుచేపలు వేగుతున్నప్పుడు వచ్చే వాసనకూ, పాత ఇళ్ల తరవాణి కుండ పులుపుకూ ఇతరులు ఏమంటారో ఊహించుకోవాలి. నట్టో జపానులోనే కొన్ని ప్రాంతాలవారికి గిట్టదు. పిల్లవాడికి నచ్చకపోతే 'నాకు అలవాటు లేదు' అనడం నేర్పవచ్చు. 'వాళ్లు ఏవేవో తింటారు' అని ఇంట్లో అలవోకగా అనే మాట బడిలో చెప్పిన పది పాఠాలను చెరిపేస్తుంది. మతాచారాలనూ, కొందరికి సరిపడని పదార్థాలనూ ముందే అడిగి తెలుసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత దూరం ప్రయాణించే వీలు లేని బడికి దగ్గరలోనే ఒక దారి ఉంది. చాలా తెలుగు ఇళ్లలో తద్దినం వంటకు మిరపకాయ పనికిరాదు, కారానికి మిరియాలే వాడతారు. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ వంటింటి గడప దాటవు. అరటికాయ, కంద, చేమదుంప, కాకరకాయ ఉంటాయి. పితృదేవతలకు తెలియనివి వారికి పెట్టరాదని పెద్దలు చెప్పే కారణం చరిత్రకు చాలా దగ్గరగా ఉంటుంది: మిరప, టమాటా, బంగాళాదుంప మూడూ అమెరికా ఖండాలలో పుట్టి, 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరువాతి కాలంలో ఐరోపావారి ఓడల్లో ఈ దేశానికి వచ్చినవి. టమాటా అన్న మాటా, సపోటా అన్న మాటా మెక్సికోలోని నహువా జనుల భాషలో పుట్టాయి. అనాస దక్షిణ అమెరికా ఆదివాసుల మాట. అంటే సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న తద్దినం రోజున తెలుగు పిల్లవాడు తింటున్నది అయిదువందల ఏళ్ల కిందటి భోజనం. మర్నాడు టిఫిన్ డబ్బాలో బడికి తెచ్చుకునే టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు సగం అమెరికా.

ఉపాధ్యాయులు ఈసారి దేశాల బల్లలు వేయించేముందు పిల్లలను ఒక్క పని మీద ఇంటికి పంపాలి: తద్దినానికి ఏయే కూరలు వండరో, ఎందుకు వండరో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకుని రమ్మనాలి, తద్దినాలు లేని ఇళ్ల పిల్లలు తమ ఇంట్లో ఎప్పుడు, ఎందుకు, ఏది వండరో రాసుకురావచ్చు. పటంలో దేశాలను ఆ కాగితాలను బట్టి వెతికితే బాగుంటుంది.