కండరంలో దాగిన కదురు

మోచేతిని వంచే కండరాన్ని విప్పి చూస్తే, బలం చూపే పోగుల మధ్య అక్కడక్కడా కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి తొడుగులుంటాయి. నడుమ ఉబ్బి, రెండు కొసలా సన్నబడిన ఆ రూపాన్ని బట్టి 1863లో జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ క్యూనే వీటికి కండర కదుళ్లని పేరు పెట్టాడు. బరువెత్తడంలో వీటి పాత్ర లేదు. చెయ్యి ఎంత వంగింది, ఎంత వేగంగా కదులుతోంది అన్నది కళ్లు మూసుకున్నా మనకు తెలుస్తోందంటే ముఖ్య ఆధారం ఇవే.

తొడుగు లోపల ద్రవం, ఆ ద్రవంలో కొద్దిపాటి చిన్న పోగులు. పోగు కొసలు మామూలు కండరంలాగే బిగుసుకోగలవు. నడిమి భాగానికి మాత్రం ఆ శక్తి దాదాపు లేదు. అక్కడంతా కణకేంద్రకాలే కిక్కిరిసి ఉంటాయి. సరిగ్గా ఆ నడుము చుట్టూనే జ్ఞాననాడి కొస చుట్టలు చుట్టలుగా అల్లుకుంటుంది. కండరం సాగితే కదురూ సాగుతుంది, చుట్టలు ఎడమవుతాయి, నాడి పొరలో ఉన్న పీజో2 అనే ప్రోటీన్ ద్వారాలు తెరుచుకుంటాయి. అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. అక్కడ సంకేతం పుడుతుంది. ఎంత సాగితే సంకేతాలు అంత జోరుగా వస్తాయి. సాగుతున్న క్షణంలో మరీ జోరు. అంటే పొడవూ వేగమూ రెండూ ఒకే తీగ మీద వెళ్తున్నాయి. పొడవును మాత్రమే చెప్పే ఇంకో సన్న నాడి పక్కనే ఉంటుంది. బిగువును కొలిచే పని వేరే అవయవానిది, దాని చోటు కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ దగ్గర.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది దీని సర్దుబాటు. కండరం కుదించుకుంటే కదురు ఏమవ్వాలి? గుంజలు దగ్గరకు జరిగితే దండెం వేలాడినట్టు వదులైపోవాలి, సంకేతాలు ఆగిపోవాలి. కదలిక జరుగుతున్నప్పుడే కొలత పోతుందన్నమాట. అలా కాకుండా గామా అనే చాలక నాడులు కాపాడతాయి. మెదడు కండరాన్ని బిగించమన్నప్పుడు వీటికీ ఆజ్ఞ అందుతుంది. ఇవి కదురు కొసల్ని బిగిస్తాయి, నడుము మళ్లీ బిర్రుగా నిలుస్తుంది. ఈ గామా నాడులకు కదురే పని అని 1945లో స్వీడన్‌కు చెందిన లార్స్ లెక్సెల్ తేల్చాడు. కండరానికి వెళ్లే చాలక తంతువుల్లో ఇవి సుమారు 30 శాతం. కదిలించడానికి కాక, కొలత చెడకుండా చూడటానికే శరీరం అంత వాటా కేటాయించింది!

ఈ కొలతను మెదడు ఎంతగా నమ్ముతుందో చూడాలంటే కదుర్ని ఏమార్చాలి. జబ్బ కండరం టెండన్ మీద సెకనుకు సుమారు 100 సార్లు అదిరే పరికరం ఆనిస్తే, ప్రతి అదురుకూ కదురు సాగినట్టే సంకేతం పంపుతుంది. కళ్లు మూసుకున్న మనిషికి, కదలని చెయ్యి చాచుకుంటున్నట్టు తోస్తుంది. 1988లో పరిశోధకుడు జేమ్స్ లాక్నర్ ఇంకో అడుగు వేశాడు: అదే చేతి వేళ్లతో ముక్కు పట్టుకోమన్నాడు. చెయ్యేమో దూరం జరుగుతోంది, వేళ్లు ముక్కును వదల్లేదు. రెండూ నిజమే అనుకున్న మెదడు లెక్క సరిపెట్టింది. కొందరికి తమ ముక్కు పొడుగ్గా సాగినట్టనిపించింది.