నలభై అట్టలు, ఒక్క ఫోను

"అర్థమైందా?" అని అడిగితే మన తరగతి గది ఎప్పుడూ ఒకే జవాబు చెబుతుంది: "అయింది సార్!" ఆ అరుపులో ముందు బెంచీ గొంతులు నాలుగే గట్టిగా వినిపిస్తాయి. మిగతావి వాటి చాటున దాక్కుంటాయి. "తెలిసినవాళ్లు చేతులెత్తండి" అన్నా లేచేవి ఆ నాలుగు చేతులే. చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చున్న పిల్లకి దశాంశాలు వచ్చాయో లేదో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దేదాకా మాస్టారికి తెలియదు. అప్పటికి ఆయన త్రిభుజాల్లోకి వెళ్లిపోయి ఉంటారు.

ఈ చిక్కు విప్పడానికి వచ్చిన పనిముట్లు చాలానే ఉన్నాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం క్లికర్లు నడిచాయి. టీవీ రిమోట్ లాంటి పరికరం ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉంటుంది, సంకేతాలు అందుకునే పెట్టె పంతులు దగ్గర ఉంటుంది. బ్యాటరీలు, రిపేర్లు, ఖర్చు మామూలే. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ పని పిల్లల ఫోన్లకు మారింది. అంటే తలకో ఫోను, ఫోనుకో డేటా, దాంతోపాటు దృష్టి మళ్లించే సవాలక్ష ఆకర్షణలు. ప్లికర్స్ అనే పనిముట్టు మాత్రం ఈ దారి పట్టలేదు. అమెరికాలో లెక్కల మాస్టారుగా పనిచేసిన నోలన్ ఎమీ అనే ఆయన తయారుచేసిన ఈ ఏర్పాటులో పిల్లల చేతికి కాగితం ముక్క మాత్రమే వస్తుంది. ఫోను ఒక్కటే ఉంటుంది, అదీ మాస్టారి చేతిలో.

దీని పనితనమంతా ఆ కాగితం ముక్కలో ఉంది కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

అట్ట మీద నల్లటి బొమ్మ ఒకటి ఉంటుంది. పెద్ద పెద్ద నల్ల గడులు ఒకదానికొకటి అతుక్కుని, ఎటు చూసినా వంకరగా, ఏ రూపానికీ పోలిక లేకుండా ఉంటుంది. పక్కనే అట్ట సంఖ్య. నాలుగు అంచుల దగ్గరా ఏ, బీ, సీ, డీ అనే ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కో వైపున ఒక్కోటి. జవాబు 'బీ' అనుకున్న పిల్లాడు బీ ఉన్న అంచు పైకి వచ్చేలా అట్టను తిప్పి, బొమ్మ మాస్టారికి కనబడేలా ఎత్తి పట్టుకుంటాడు. అంతే. మాస్టారు ఫోను కెమెరాను తరగతి మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పుతారు. ఒక్కో అట్టకూ ఫొటో తీయక్కర్లేదు, బటన్ నొక్కక్కర్లేదు. ఒక్కో అట్ట దొరికేకొద్దీ తెర మీద ఆ పిల్లల పేర్లు పడతాయి, జవాబు సరైనదైతే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు. ఆ రంగులు చూసేది మాస్టారొక్కరే.

ఆ బొమ్మ వంకరగా ఉండటం వెనక లెక్క ఉంది. ఒక అట్టను నాలుగు రకాలుగా తిప్పవచ్చు. ఆ నాలుగు రూపాలూ ఒకదానితో ఒకటి కలవకూడదు. మామూలు సెట్టులో 40 అట్టలుంటాయి, అంటే 160 రూపాలు. 63 అట్టల పెద్ద సెట్టులోనైతే 252. ఏ ఒక్కటీ మరోదానిలా కనిపించకూడదు. ఏడో నంబరు అట్టను పక్కకి తిప్పితే పదమూడో నంబరు నిటారుగా నిలబడినట్టు కనిపించిందంటే ఒకరి జవాబు ఇంకొకరి ఖాతాలో పడిపోతుంది. అందుకే సౌష్ఠవం అన్నది ఇక్కడ పనికిరాదు. మన ముగ్గులకు ప్రాణమైన గుణమే ఈ బొమ్మకు పెద్ద దోషం.

క్యూఆర్ కోడ్ ఉండగా ఈ కొత్త బొమ్మ ఎందుకు? జపాన్‌లో డెన్సో సంస్థ 1994లో తెచ్చిన క్యూఆర్ కోడ్‌లో అతి చిన్నదానికి కూడా 21 వరుసలు, వరుసకు 21 గడులు ఉంటాయి. దగ్గర పెట్టుకుని చదవడానికి అది బాగుంటుంది. చివరి బెంచీ నుంచి, పాతిక అడుగుల దూరంలో, అరచేతంత కాగితం మీద 441 గడులను లెక్కపెట్టమంటే చవక ఫోను చేతులెత్తేస్తుంది. తరగతి గదిలో జవాబుకు కావలసిన సమాచారమల్లా ఎవరు, నాలుగింటిలో ఏది అన్న రెండు ముక్కలే. అందుకని గడులు తగ్గించి, ఉన్నవాటిని పెద్దవి చేశారు. ఎంత చెప్పాలో అంతే చెప్పే గుర్తు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. రూపకల్పన చేసేవాళ్లలో చాలామందికి ఈ నిగ్రహం ఉండదు.

నాకు ఇంకా నచ్చినది ఆ అక్షరాల సైజు. ఏ, బీ, సీ, డీ అక్షరాలను కావాలనే చిన్నగా అచ్చువేశారు. అట్ట పట్టుకున్నవాడికి కనిపిస్తాయి, రెండు బెంచీల అవతలివాడికి కనిపించవు. పక్కవాడి బొమ్మ ఎలా ఉందో చూసి తన బొమ్మనూ అలాగే పెడదామన్నా లాభం లేదు, ఎవరి బొమ్మ వారిది. మన బడుల్లో పలకలెత్తి చూపించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నోటి లెక్క చెప్పి, జవాబు రాయించి, "ఎత్తండి!" అంటే పలకలన్నీ లేచేవి. అదీ గొప్ప పద్ధతే. కానీ పలక మీది అంకె అందరికీ కనిపిస్తుంది. క్లాసు లీడరు పలక లేచాక నాలుగు పలకలు గబగబా చెరిగేవి. మాస్టారు నలభై పలకలూ చూసినా, ఎవరేం రాశారో గంట తర్వాత గుర్తుండేది కాదు. ప్లికర్స్ పలకకున్న ఈ రెండు లోపాలనూ సరిచేసింది. జవాబు తోటివాళ్లకు అంత తేలిగ్గా తెలియదు, మాస్టారి దగ్గర నమోదై ఉంటుంది. మధ్యలో మనసు మార్చుకుంటే అట్ట తిప్పి మళ్లీ పట్టుకోవచ్చు, కెమెరా ఇంకోసారి చూసినప్పుడు కొత్త జవాబు పాతదాని స్థానంలోకి వస్తుంది.

బడుల్లో ఫోన్ల గొడవ ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. ఫోను దగ్గరున్నా చాలు, పిల్లల ధ్యాస చెదురుతుందని యునెస్కో 2023 నివేదిక హెచ్చరించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో బడుల్లో సెల్‌ఫోన్ల వాడకాన్ని ప్రభుత్వం కట్టడి చేసింది. ఆ ఆందోళన న్యాయమైనదే. ఈ అట్టల్ని చూశాక మాత్రం ఆ వాదనలో ఎన్ని ఫోన్లు, ఎవరి చేతిలో, ఏ పనికి అన్న వివరం ఉండాలనిపిస్తుంది. ఇక్కడి ఫోను పిల్లలకు ఏదీ చూపించదు. పిల్లలు చెప్పేదే అది చూస్తుంది.

ఇక ప్రశ్న సంగతి. ప్రశ్న అడ్డగోలుగా ఉంటే ఎంత మంచి అట్టా ఏమీ చేయలేదు. ఏడో తరగతికి ఇలా అడిగామనుకోండి: 0.5, 0.62, 0.347, వీటిలో పెద్దది ఏది? వరసగా ఏ, బీ, సీ. డీ అంటే 'తెలియదు'. సరైన జవాబు బీ. అంకెలెక్కువ ఉంటే సంఖ్య పెద్దదనుకునే పిల్లలు 0.347 దగ్గర ఆగుతారు, 347 పెద్దది కదా. అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దదని పొరబడేవాళ్లు 0.5 పట్టుకుంటారు. తప్పు రెండు రకాలు, మందు కూడా రెండు రకాలే. బీ స్థానంలో 0.45 ఇచ్చి ఉంటే 0.5 సరైన జవాబై, రెండో రకం పొరపాటున్న పిల్లలందరూ ఆకుపచ్చలో కలిసిపోయేవారు. ఒక్క సంఖ్య మారేసరికి ప్రశ్న గుడ్డిదైపోతుంది. 'తెలియదు' అన్న నాలుగో వైపును కొందరు ఉపాధ్యాయులు పెట్టరు. పెట్టాలంటాను. నోరు తెరిచి ఆ మాట అనలేని పిల్లలు అట్ట తిప్పి అనగలరు.

జవాబులు వచ్చాక చేసే పనికి ఫోన్ల కన్నా ముందే బాట పడింది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఒక పద్ధతి నడిపారు. ప్రశ్న వేసి, ఎవరికి వారు జవాబు ఎంచుకున్నాక, పక్కవాళ్లతో వాదించుకోమని చెప్పి, ఆపైన మళ్లీ అదే ప్రశ్న వేయడం. ప్లికర్స్‌తో ఇది చక్కగా కుదురుతుంది. మొదటి చుట్టులో తరగతి సగానికి చీలిందనుకోండి, జవాబు చెప్పేయకుండా "మీ బెంచీలో తేల్చుకోండి" అని వదిలేయాలి. గదిలో గోల లేస్తుంది. లేవనివ్వాలి. పది, వంద, వెయ్యి భాగాల గురించి పిల్లలు తమ మాటల్లో కొట్లాడుకుంటున్నప్పుడు మాస్టారి పని బెంచీల మధ్య తిరుగుతూ వినడమే. రెండో చుట్టులో ఎవరెవరు జవాబు మార్చుకున్నారో చూస్తే ఏ వాదన గెలిచిందో తెలుస్తుంది. అన్నిసార్లూ సరైన వాదనే గెలవదు, క్లాసులో గట్టిగా మాట్లాడేవాడి వాదన కూడా గెలుస్తుంది. అదీ తెలుసుకోవాల్సిన సంగతే.

లోపాలు లేకపోలేదు. ఇది ఎంపిక ప్రశ్నలకే పనికొస్తుంది. లెక్క ఏ మెట్టు దగ్గర తప్పిందో, వాక్యం ఎందుకు అతకలేదో నాలుగు అంచుల అట్ట చెప్పలేదు. గుడ్డిగా ఒక వైపు ఎత్తినా నాలుగింట ఒక వంతు సరైపోయే అవకాశం ఉంది కాబట్టి, ఒక్క ప్రశ్నతో ఎవరి మీదా తీర్పు ఇవ్వకూడదు. పిల్లల పేర్లు ఒక ప్రైవేటు కంపెనీ ఖాతాలోకి వెళ్తాయి, పూర్తి పేర్లకు బదులు రోల్ నంబర్లు ఇస్తే పోతుంది. నెట్ సరిగా లేని ఊళ్లో ఫోను కొంత విసిగిస్తుంది. ప్రశ్న చూపించడానికి మాత్రం ప్రొజెక్టరు తప్పనిసరి కాదు, నల్లబల్ల చాలు.

వాడదలచినవాళ్లు అట్టల విషయంలో కాస్త శ్రద్ధ పెట్టాలి. వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకుని, పేజీకి రెండు చొప్పున జిరాక్స్ షాపులో తీయించుకోవచ్చు. పెద్ద గదైతే పేజీకి ఒకటే వచ్చే పెద్ద అట్టలు మేలు. ముద్ర బూడిదరంగులో తేలితే మళ్లీ తీయమనండి, నలుపూ తెలుపూ స్పష్టంగా విడిపోవాలి. నలిగిపోతాయని షాపువాడు మెరిసే లామినేషన్ చేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ట్యూబులైటు వెలుగు దాని మీద పడి సగం బొమ్మ తెల్లగా కనిపిస్తుంది. మెరుపు లేని మ్యాట్ రకం అడగండి, లేదా మందపాటి కాగితం మీదే తీయించండి. వేళ్లు నల్ల గడుల మీదికి రాకుండా అంచులే పట్టుకోమని పిల్లలకు మొదటిరోజే నేర్పించాలి. అట్ట నంబరూ రోల్ నంబరూ ఒకటే చేస్తే పంచేటప్పుడు తికమక ఉండదు.