గల్లంతైనవారికి వీరగల్లు చాలునా?

ఆధునిక యుద్ధస్మారకాన్ని వీరగల్లుకు వారసురాలిగా భావించడం సహజంగా తోచే పోలిక. రాత్రివేళ బాంబుదాడికి వెళ్లి తిరిగిరాని విమానసిబ్బంది విషయంలో ఆ పోలిక నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ప్రాచీన రేనాటిలోనివి. రాయలసీమ వీరగల్లుల నిర్మాణం పరిశోధకులకు సుపరిచితమే. కింది అరలో పోరు, నడిమి అరలో వీరుణ్ణి కొనిపోయే అప్సరసలు, పై అరలో దైవసాన్నిధ్యం. శాసనం ఉన్నచోట వీరుని పేరు, ఏలిక పేరు, పోరు సందర్భం, ‘పడు’ ధాతువుతో చెప్పిన మరణం కనిపిస్తాయి. ఆ క్రియే కీలకమని నా అభిప్రాయం. పడినవాణ్ణి చూసినవారు లేనిదే ఆ మాట రాతికెక్కదు. వీరగల్లు మొదట సాక్ష్యం, ఆ తరువాతే ప్రశస్తి.

సాక్షి లేని మరణానికి రెండవ ప్రపంచయుద్ధం నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. 1943 మే 16-17 రాత్రి పశ్చిమ జర్మనీ ఆనకట్టలపై దాడికి బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన 19 లాంకాస్టర్ విమానాల్లో 133 మంది బయలుదేరారు. 8 విమానాలు తిరిగిరాలేదు. 53 మంది మరణించారు. వర్నన్ బయర్స్ నడిపిన విమానం లక్ష్యాన్ని చేరకమునుపే డచ్చి తీరంలో కూలింది. ఏడుగురిలో వెనుక తుపాకీదారుని దేహం ఒక్కటే తరువాత సముద్రంలో దొరికింది. ఆయనకు హార్లింగెన్‌లో సమాధి ఉంది. తక్కిన ఆరుగురూ ఇంగ్లండులోని రన్నీమీడ్ స్మారకంపై, సమాధి లేని ఇరవై వేలమందికి పైగా వైమానికుల నడుమ, పేర్లుగా మిగిలారు. ఒకే విమానం, ఒకే రాత్రి, రెండు స్మృతిరూపాలు.

రన్నీమీడ్ పట్టికలో ‘పడు’ వంటి క్రియ లేదు. ఉండడానికి వీలూ లేదు. వరదవార్తల్లో మనం వాడే ‘గల్లంతు’ అన్న మాటే ఈ స్థితికి దగ్గరగా ఉంటుంది. దేహం దొరకనప్పుడు దర్భలతో ప్రతికృతి చేసి దహించే ఆచారం మనకుంది. కర్మకాండ గుర్తించిన ఆ ఖాళీకి వీరగల్లులో అర లేదు.

పోలిక మరోచోటా తెగుతుంది. వీరగల్లు శిల్పంలో ప్రత్యర్థి ఆయుధంతో ఎదుట నిలుస్తాడు. ఆ రాత్రి మోనె ఆనకట్ట తెగి నైహైమ్ వద్ద మునిగిపోయిన వందలమందిలో అత్యధికులు శిబిరంలో నిర్బంధించిన పరదేశ శ్రామికస్త్రీలు. విమానంలోనివారికి వారు కనబడలేదు. ‘వీరమరణం’ అన్న సమాసంలో ఈ మరణాలు ఇమడవు. వీరానికి స్థాయి ఉత్సాహం, కరుణకు శోకం. గల్లంతైన సిబ్బందినీ, నీటమునిగిన స్త్రీలనూ ఒకే చదువులో ఉంచగలిగేది ఈ రెండో పరిభాషే.