సంచిలో రాయి, లెక్కలో రాయి

మా చెన్నూరు తమలపాకునకు సున్నమెంత రాయవలెనో వ్రేలికి తెలియును గాని నోటితో చెప్పుట కష్టము. తక్కువైన నోరు పండదు, ఎక్కువైన పొక్కును. పొగలోని గంధకమును కడిగివేయు స్తంభములకు గణిత నమూనాలు వ్రాయుచు సగము జీవితము గడపిన పిమ్మట, నా వృత్తియంతయు ఆ వ్రేలి జ్ఞానమును కాగితముపైకి దింపు యత్నమేయని నాకు తోచుచుండును.

మాకు పడమటనున్న కలమళ్ల తొలి తెలుగు శాసనముచే ప్రసిద్ధము. ఆ యూరినొద్దనే 210 మెగావాట్ల యూనిట్లు ఐదును, 600 మెగావాట్లదొకటియు గల రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది. బొగ్గులో గంధకము నూటికి అరవంతనుకొన్నను, టన్ను బొగ్గు కాల్చిన పది కిలోల సల్ఫర్ డయాక్సైడు పుట్టును. దానిని పూర్తిగా పట్టుటకు స్వచ్ఛమైన సున్నపురాయి సుమారు పదునారు కిలోలు పట్టును. తుదకు ఇరువదియేడు కిలోల జిప్సము మిగులును. సున్నపురాయి పొరుగుననున్న ఎఱ్ఱగుంట్ల చుట్టును ఉన్నదే. జిప్సము కావలసిన సిమెంటు ఫ్యాక్టరీలును అక్కడివే. వ్యాధియు, ఔషధమును, ఔషధపు మడ్డిని కొనువాడును ఇట్లు ఇరుగుపొరుగుగా నుండుట అరుదు.

స్తంభములో పొగ క్రిందినుండి పైకి లేచును. మెత్తగా నూరిన రాతిపొడి కలిపిన నీరు పైనుండి జల్లుగా కురియును. వాయువు నీటిలో కరగి ఆమ్లమగును, ఆమ్లము రాతిగింజను తినును, అడుగు తొట్టిలో ఊదిన గాలిచే సల్ఫైటు సల్ఫేటుగా మారి జిప్సపు స్ఫటికములు కట్టును. వాయువు, ద్రవము, ఘనము మూడును ఒక్కచోటనే పెనగులాడు ఈ రంగమున నమూనాకారుడు వేయవలసిన ప్రశ్న ఒక్కటే: వీటిలో మిక్కిలి మందముగా నడచునది ఏది? వాయు ద్రవముల సరిహద్దునకు ఇరువైపుల రెండు పలుచని నిశ్చలపు పొరలున్నవనియు, అడ్డంకియంతయు వానిలోనే యున్నదనియు 1923లో విట్‌మన్ అను ఇంజినీరు ఊహించెను. అట్టి పొరను కంటితో చూచినవాడు లేడు. అయినను లెక్క కుదురును. మా విద్యలో ఇంతకన్న ఉపకారియైన కల్పన మఱొకటి లేదు.

యౌవనమున నేనొక చిన్న ప్రయోగ స్తంభమునకు నమూనా వ్రాసితిని. పరదేశపు రాతిపై కొలిచిన కరుగుదల వేగమును ఒక గ్రంథమునుండి ఎత్తి నా సమీకరణమున పెట్టితిని. తొట్టిలో పీహెచ్ అయిదున్నర దగ్గర నిలువవలసినది. మధ్యాహ్నమగుసరికి అయిదునకు దిగువకు జారెను. పంపును శంకించితిని, మీటరును మార్పించితిని, నా సమీకరణమును మాత్రము శంకింపలేదు. అప్పుడు మా ల్యాబులోని పెద్దాయన రెండు గాజు బీకర్లలో పలుచని ఆమ్లము పోసి, ఒకదానిలో సీసాలోని శుద్ధమైన సున్నపురాతి పొడిని, వేరొకదానిలో స్తంభమునకు వాడు మా సంచిలోని పొడిని చెంచాడు చొప్పున వేసెను. మొదటిది బుసబుస పొంగి తేటయయ్యెను. రెండవది నాలుగు బుడగలు విడిచి, బూడిదరంగు మడ్డిగా అడుగున కూర్చుండెను. “మీ లెక్కలో రాయి వేరే, మన సంచిలో రాయి వేరే సార్,” అని ఆయన చేతులు కడుగుకొనెను.

మా రాతిలో ఇసుకపాలును, నింపాదిగా కరగు డోలమైటును ఉండెను. అదియుగాక గింజలన్నింటికి ఒక్క సగటు పరిమాణము కట్టితిని. గింజ వ్యాసము సగమైన, వ్యాపనమే అడ్డంకియైనచోట, కరగు కాలము నాలుగవవంతునకు తగ్గును. కావున సన్నగింజలు ముందే హరించి, ముతకవి మిగిలి పీహెచ్‌ను క్రుంగదీసినవి. జల్లెడలు పట్టి, పరిమాణమునకొక సమీకరణము చొప్పున మరల వ్రాసిన పిమ్మటనే లెక్క గీతయు కొలత గీతయు కలిసినవి.

పొగను కడుగు ఈ విద్య క్రొత్తది కాదు. లండనులోని బాటర్‌సీ కేంద్రమున 1930ల లోనే థేమ్స్ నీటితో పొగను కడిగిరి. మనకు 2015 డిసెంబరులో సల్ఫర్ డయాక్సైడుపై పరిమితులు వచ్చినవి, గడువులు పలుమార్లు జరిగినవి, 2025 జూలైలో పెక్కు కేంద్రములకు పొగను కడుగు ఈ యంత్రముల నిర్బంధమే తొలగినది. ఆ నిర్ణయము నాకు రుచింపలేదు. రాయి ఇంత చేరువనున్న జిల్లావాడనగుటచే నా పక్షపాతమును దాచను.

నమూనాలు వ్రాయబోవు మన కళాశాలల విద్యార్థులకు ఒక్క విన్నపము: కంప్యూటరు తెరువకముందు ఎఱ్ఱగుంట్ల రాయి పిడికెడు తెచ్చి, నూరి, జల్లించి, ఆమ్లములో వేసి, గడియారము చేతబట్టి చూడుడు.