కరటకుడి మౌనం: తరగతి గదిలో పంచతంత్రం

బడిలో ఒక పిల్లవాడిని తోటివారు ఏడిపించడం మామూలు కొట్లాట కాదని, కావాలని నొప్పించడం, అదే పని పదేపదే చేయడం, ఇద్దరి బలాబలాల్లో పొంతన లేకపోవడం అందులో కలిసి ఉంటాయని నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ తన పరిశోధనలతో స్పష్టం చేశాడు. ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సాల్మివల్లీ సహచరులతో కలిసి 1996లో ప్రచురించిన అధ్యయనం, ఏడిపించేవాడికీ బాధితుడికీ తోడు వంతపాడేవారు, నవ్వి ఉసిగొల్పేవారు, అడ్డుపడేవారు, తమకేమీ పట్టనట్టు తప్పుకునేవారు కూడా ఈ వ్యవహారంలో పాత్రధారులేనని చూపింది. ఏ పిల్లవాడినీ వేలెత్తి చూపకుండా ఈ పాత్రలన్నిటినీ చర్చకు పెట్టడానికి కథను మించిన సాధనం దొరకడం కష్టం. అందుకు కావలసిన సరంజామా పంచతంత్ర సంప్రదాయంలో ఏనాడో సిద్ధంగా ఉంది.

పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని మిత్రభేదాన్నే తీసుకుంటే, పింగళకుడనే సింహానికీ సంజీవకమనే ఎద్దుకూ కుదిరిన స్నేహాన్ని దమనకుడనే నక్క అటూ ఇటూ చాడీలు మోసి విరగ్గొడుతుంది. పుకార్లు పుట్టించి, జట్టు నుంచి వెలివేసి, స్నేహాలు తెంచి నొప్పించే ఈ పద్ధతిని మనస్తత్వశాస్త్రం సంబంధాల ద్వారా సాగే దౌర్జన్యంగా గుర్తిస్తుంది. ఒంటిమీద గాయం ఉండదు కనుక పెద్దల కంట పడటం అరుదు. చివరకు ఎద్దు చనిపోతుంది, దమనకుడికి శిక్ష పడదు. నీతివాక్యంతో పాఠం ముగించే అలవాటున్న ఉపాధ్యాయుడికి ఈ ముగింపు మింగుడుపడదు గాని, తరగతిలో పనికివచ్చేది అదే. ముందునుంచీ అంతా తెలిసిన దమనకుడి సహచరుడు కరటకుడు తోటి నక్కను మందలించాడే తప్ప సింహం దగ్గరకు వెళ్లి నిజం చెప్పలేదు. అతడు ఏ ఘడియలో నోరు విప్పి ఉంటే ఎద్దు బతికేదో పిల్లలు వాదించుకుంటున్నప్పుడు, చూస్తూ ఊరుకున్నవాడి బాధ్యత వారికి విడిగా బోధించనక్కరలేదు.

ఇలాంటి చర్చకు దారితీసే పద్ధతులు కూడా మన కథకులకు కొత్తవి కావు. బేతాళ కథలు ధర్మసంకటం దగ్గర ఆగి జవాబు చెప్పే బరువును వినేవాడి మీద పెడతాయి. బుర్రకథలో కథకుడి పక్కన ఉండే ఇద్దరు వంతల్లో ఒకరు హాస్యమాడితే, మరొకరు కథను వర్తమానంతో ముడిపెట్టి ప్రశ్నలు వేస్తారు. తరగతిలో ఈ రెండో వంత పాత్రను పిల్లలకే అప్పగించవచ్చు. జంతుపాత్రల చాటు ఉండటం వల్ల ఏడిపించే పిల్లవాడు తనను నిలదీస్తున్నారన్న రోషం లేకుండా వినగలుగుతాడు. ఆ తరువాత అదే కథను ఎద్దు నోట మళ్లీ చెప్పమంటే, ఎదుటివాడి భయాన్ని తన మాటల్లో పలకవలసి వస్తుంది.

అయితే పంచతంత్రంలోని ప్రతి కథా ఈ పనికి నప్పదు. గుడ్లు పోగొట్టుకున్న పిచ్చుక మరికొన్ని అల్పజీవులను కూడగట్టి ఏనుగును చంపించే కథ, బలహీనుల ఐక్యతతో పాటు పగ తీర్చుకోవడాన్ని కూడా మెచ్చుకుంటుంది కనుక చిన్న తరగతుల్లో జాగ్రత్తగా వాడాలి. అంతకంటే వలతో సహా ఎగిరిపోయిన పావురాల కథ మేలు. హిరణ్యకుడనే ఎలుక తన కట్లు కొరకబోతే, ముందు తన వారిని విడిపించమన్న పావురాల రాజు చిత్రగ్రీవుడిలో బలానికి మరో అర్థం కనిపిస్తుంది.

ఫిర్యాదు విని, విచారించి, బాధితుడికి రక్షణ కల్పించవలసిన బాధ్యత మాత్రం పెద్దలదే. దాన్ని కథల పీరియడ్ మీదికి నెట్టడం తగదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. దాన్ని లెక్కచేయక బెత్తం ఝళిపించే ఉపాధ్యాయుడి నోట చిత్రగ్రీవుడి కథ వినిపించినా పిల్లలు నమ్మరు.