డిసెక్షన్ హాలు అటెండరు

ధర్మపురిలో అస్థికలను గోదావరిలో కలుపుతారు. అక్కడికి దగ్గరలోనే, జగిత్యాలలో 2022లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీకి మాత్రం ఎముకలు కావాలి, దేహాలు కావాలి. అనాటమీ చదువు వాటితోనే మొదలవుతుంది. ఎంబీబీఎస్ మొదటి ఏడాది చదివినవాళ్లకు ప్రొఫెసరు గుర్తుంటాడు, డిసెక్షన్ హాలు అటెండరు గుర్తుండడు. ఇది అన్యాయం. దానంగా వచ్చిన దేహంలోకి తొడ దగ్గరి ధమని గుండా ఫార్మలిన్ ఎక్కించడం ఓపికతో కూడిన పని. మందు వేళ్ల కొసల దాకా అందకపోతే అక్కడి కండ చెడిపోతుంది. ఆ తర్వాత కోసిన భాగం ఎండిపోకుండా రోజూ తడిగుడ్డ కప్పాలి. కళ్లు మండే ఆ ఘాటులోనే బల్లలు కడగాలి, 206 ఎముకల లెక్క చూసుకోవాలి. కత్తి పట్టే ముందు దేహదాతకు మొక్కే పిల్లలారా, ఆ అన్నకూ ఒక నమస్కారం పెట్టండి.