కెర్నెల్ బయట రాసుకునే ఫైల్ సిస్టమ్

కెర్నెల్ బయట నడిచే ఫైల్ సిస్టమ్‌ని మౌంట్ చేసిన ఫోల్డర్‌లో ఎల్‌ఎస్ కొడితే ఒక్కోసారి ‘ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్’ అని వస్తుంది. కొత్తవాళ్లు కంగారు పడతారు. నాకైతే ఆ మాట చూస్తే ధైర్యం. ఫైల్ సిస్టమ్ కుప్పకూలింది, మిషన్ మాత్రం నిలబడే ఉంది. పక్క విండోలో పాట కూడా ఆగదు. ‘ఫ్యూజర్‌మౌంట్ -యు’ అని విప్పేసి, తప్పు సరిదిద్ది, మళ్లీ మౌంట్ చేసుకోవడమే. అదే కోడ్ కెర్నెల్ లోపల ఉంటే, ఒక్క పాయింటర్ తప్పినా మొత్తం సిస్టమే ఆగిపోవచ్చు.

ఇలా ఫైల్ సిస్టమ్‌ని కెర్నెల్ బయట రాసుకునే వీలు ఇచ్చేది ఫ్యూజ్. మిక్లోష్ సెరెడి రాసిన ఇది 2005లో లినక్స్ 2.6.14లో చేరింది. మామూలు ప్రోగ్రామర్‌కి లినక్స్ ఇచ్చిన గొప్ప స్వేచ్ఛల్లో ఇదొకటని నా నమ్మకం. మనం అడిగింది ఎప్పటిలాగే కెర్నెల్‌కి వెళ్తుంది. అక్కడి ఫ్యూజ్ మాడ్యూల్ దాన్ని బయట నడుస్తున్న మన ప్రోగ్రామ్‌కి అందిస్తుంది. ఈ ఫోల్డర్‌లో ఏమున్నాయి? ఈ ఫైల్ సైజెంత? ఇక్కణ్ణించి ఇన్ని బైట్లు ఇవ్వు. అడిగేవి ఎక్కువగా ఇలాంటివే. జవాబు డిస్క్ నుంచే రావాలని లేదు. ఉదాహరణకు, ఫ్యూజ్ మీద నడిచే ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ దూరాన ఉన్న సర్వర్ నుంచి తెచ్చిస్తుంది. ఇంకో మంచి కట్టుబాటు: ‘అలో అదర్’ అని చెప్పకపోతే, నేను మౌంట్ చేసిన దాంట్లోకి రూట్ కూడా తొంగిచూడలేడు.

దీనికి మూల్యం వేగం. మామూలుగా ప్రతి కోరికా కెర్నెల్ నుంచి బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లాలి. వేల చిన్న ఫైళ్లున్న టార్ విప్పితే ఆ ఆలస్యం కళ్లకు కనబడుతుంది. కెర్నెల్ బయటి ఫైల్ సిస్టమ్‌లు బొమ్మలకు తప్ప పనికిరావని 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కొట్టిపారేశారు. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఈ మాట నేను ఒప్పుకోను. విండోస్ డిస్కుల్లో రాయడానికి లినక్స్ వాడేవాళ్లు ఏళ్లతరబడి ఆధారపడింది ఫ్యూజ్ మీద నడిచే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ మీదే. వేగం కోసం ఫ్యూజ్‌ని పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ కూడా, ఏ యాప్ ఏ ఫైల్ చూడొచ్చో అదుపు చేయడానికి 11వ వెర్షన్‌లో మళ్లీ దాని దగ్గరికే వచ్చింది. ఇక ఆ వేగం లోటు తగ్గించడానికి, చదవడం, రాయడం నేరుగా అసలు ఫైల్‌కే వెళ్లేలా 2024లో లినక్స్ 6.9లో దారి వేశారు.

కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు నేను చెప్పేదొకటే. ఫ్యూజ్ లైబ్రరీ అయిన లిబ్‌ఫ్యూజ్‌తో వచ్చే ‘హలో’ ఉదాహరణ తెరవండి. అందులో ఉన్నవి నాలుగైదు ఫంక్షన్లే. పైథాన్ వస్తే పైథాన్‌లోనే మొదలుపెట్టండి. ఈ సెలవుల్లో మీ సొంత ఫైల్ సిస్టమ్ ఒకటి రాయండి.